మీ జీతం ఏ క్లయింటు బిల్లులోంచి వస్తుంది?

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు మారినంత వేగంగా హైదరాబాద్‌లో ఇంకేదీ మారదు. ఒకప్పుడు కోబాల్, మెయిన్‌ఫ్రేమ్స్. తర్వాత జావా, డాట్ నెట్, టెస్టింగ్ టూల్స్, శాప్. ఆ పైన సేల్స్‌ఫోర్స్, డెవాప్స్, డేటా సైన్స్. ఇప్పుడు ఏ మెట్ల పక్కన చూసినా జెన్ ఏఐ. ఆ బోర్డుల కింద పాంప్లెట్ పట్టుకుని నిలబడ్డవాళ్లు అడిగే మాట మాత్రం పాతికేళ్లుగా ఒక్కటే: "ఏ కోర్సు చేస్తే జాబ్ వస్తుంది సార్?"

ఇన్‌స్టిట్యూట్ వాళ్ల దగ్గర దీనికి జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. వచ్చే సోమవారం ఏ బ్యాచ్ మొదలవుతుందో ఆ కోర్సు చేస్తే వస్తుంది! వాళ్లను తప్పుపట్టి లాభం లేదు, అది వాళ్ల వ్యాపారం. మీరు మాత్రం ఫీజు కట్టే ముందు ఇంకో సంగతి తేల్చుకోవాలి. మన దగ్గర తయారయ్యే సాఫ్ట్‌వేర్‌కు, ఇక్కడ జరిగే బ్యాక్ ఆఫీసు పనికి డబ్బు కడుతున్నది ఎవరు? ఏ పనికి కడుతున్నారు? ఇది తెలిస్తే కోర్సు ఎంచుకోవడం సగం తేలికవుతుంది. తెలియకపోతే ఎన్ని సర్టిఫికెట్లు పోగేసినా లాటరీ టికెట్లు కొన్నట్టే.

ఐటీ కంపెనీల సంఘం నాస్‌కామ్ లెక్కల ప్రకారం 2024-25లో మన ఐటీ రంగంలో పనిచేసేవాళ్లు 58 లక్షల మంది, ఆదాయం దాదాపు 28,300 కోట్ల డాలర్లు. ఆ ఆదాయంలో సుమారు 22,400 కోట్ల డాలర్లు ఎగుమతుల ద్వారా వచ్చినవే. అంటే ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఐదు రూపాయల్లో దాదాపు నాలుగు బయటి దేశాలవి. వాటిలోనూ సింహభాగం అమెరికా నుంచి వచ్చేదే. అక్కడ ఏదో ఊళ్లో ఒక బీమా కంపెనీ ఈ ఏడాది ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే మాదాపూర్‌లో ఒక టీమ్ ప్రాజెక్టు లేక బెంచ్ మీదకు వస్తుంది. మన ఊరి వానకూ పంటకూ ఉన్న సంబంధం ఇంట్లో అందరికీ తెలుసు గానీ, ఈ సంబంధం గురించి కాలేజీలో ఎవరూ చెప్పరు.

కంప్యూటర్ కావాలంటే ఎగుమతి చెయ్యాలి

ఇదంతా ఎవరో ఒక మహానుభావుడు ముందుగా గీసిన పథకం ప్రకారం పెరగలేదు. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ (టీసీఎస్) 1968లో మొదలైంది. దాన్ని నడిపించిన ఎఫ్.సి. కోహ్లీకి ఉన్న మొదటి చిక్కు కంప్యూటర్ దొరక్కపోవడం. అప్పట్లో విదేశీ మారకద్రవ్యానికి కటకట. యంత్రం దిగుమతి చేసుకోవాలంటే దానికి బదులుగా సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేసి డాలర్లు తెస్తామని ప్రభుత్వానికి మాటివ్వాలి. అలా 1970ల్లో అమెరికాకు చెందిన బరోస్ కంపెనీతో కలిసి ఎగుమతులకు దారి వేశారు. ముంబై శాంతాక్రజ్‌లో పెట్టిన ఎలక్ట్రానిక్స్ ఎగుమతుల కేంద్రం ఈ కథలో మొదటి చిరునామా.

1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లిపోయింది. విదేశీ వాటా తగ్గించుకోవాలన్న విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం (ఫెరా) షరతుకు అది ఒప్పుకోలేదు. ఆ కంపెనీ వదిలిన యంత్రాల బాగోగులు చూసే బాధ్యత ప్రభుత్వ రంగ సీఎంసీ మీద పడింది. ఒకే కంపెనీ యంత్రానికి అలవాటు పడాల్సిన మన ఇంజినీర్లు రకరకాల కంపెనీల యంత్రాలతో కుస్తీ పట్టడం నేర్చుకున్నారు. పాత కంప్యూటర్ మీద నడిచే ప్రోగ్రామును కొత్తదాని మీదకు మార్చే పని అమెరికాలో కుప్పలుతెప్పలుగా ఉన్న రోజుల్లో ఆ అలవాటే డాలర్లు తెచ్చింది.

అయితే 1980లలో మనం ఎగుమతి చేసింది ప్రధానంగా మనుషులనే. ఇంజినీరును విమానం ఎక్కించి క్లయింటు ఆఫీసులో కూర్చోబెట్టేవాళ్లు. పని అక్కడే, బిల్లూ అక్కడే. పరిస్థితి మారడం 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరు వచ్చాక మొదలైంది. ఆ కంపెనీ సొంతంగా ఉపగ్రహ లింకు ఏర్పాటు చేసుకుని ఇక్కడి చిప్ డిజైన్ పనిని నేరుగా అమెరికాకు పంపింది. మనిషి కదలకుండా పని దాటగలదని తేలింది. 1991లో ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు పెట్టి ఆ సదుపాయాన్నే చిన్న కంపెనీలకూ అందుబాటులోకి తెచ్చింది. ఉపగ్రహ లింకును అందరూ పంచుకోవచ్చు, యంత్రాలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, ఎగుమతి లాభం మీద ఆదాయపు పన్ను లేదు. ఆ పన్ను మినహాయింపు 2011 మార్చి దాకా నడిచింది. హైదరాబాద్‌లో 1987లో పుట్టిన సత్యం కంప్యూటర్స్‌కు ట్రాక్టర్లు తయారుచేసే జాన్ డీర్ పెద్ద క్లయింటుగా దొరికింది కూడా ఈ రోజుల్లోనే.

ఇక్కడి నుంచి వై2కే దాకా కథ మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాశారు. 2000 వస్తే యంత్రం దాన్ని 1900 అనుకుంటుందని ప్రపంచమంతా భయపడింది. అమెరికా బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో లక్షల వరుసల కోబాల్ కోడ్ తిరగేసి తేదీలు సరిచేయాలి. విసుగు పుట్టించే పని. అక్కడివాళ్లు కొత్తగా వచ్చిన ఇంటర్నెట్ వెంట పరుగులు పెడుతుంటే ఆ పని మన చేతికొచ్చింది. అమెరికా హెచ్-1బీ ఉద్యోగ వీసాల పరిమితిని 65,000 నుంచి ముందు 1,15,000కు, ఆ తర్వాత 1,95,000కు పెంచింది. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించే నాటికి అమీర్‌పేటలో కోబాల్ బ్యాచులు కిక్కిరిసి నడుస్తున్నాయి.

కెరీర్ పాఠం దీని తర్వాతే ఉంది. 2000-01లో డాట్ కామ్ బుడగ పేలింది. కోబాల్ ఒక్కటే నేర్చుకుని వెళ్లినవాళ్లలో చాలామంది తిరుగు విమానం ఎక్కారు. నిలబడ్డవాళ్లు ఎవరు? తేదీలు సరిచేస్తూనే ఆ కోడ్ ఏం చేస్తోందో గమనించినవాళ్లు. బీమా పాలసీకి ప్రీమియం ఎలా లెక్కకడతారో, బ్యాంకులో రాత్రిపూట లెక్కలు ఎలా సరిపోలుస్తారో, ఎక్కడ తప్పు జరిగితే మర్నాడు ఉదయం ఏ అధికారి ఫోన్ చేస్తాడో తెలుసుకున్నవాళ్లు. వై2కే పని అయిపోయినా ఆ పాత కోడును రోజూ చూసుకునే పని మాత్రం మిగిలింది. దాన్ని మన కంపెనీలు ఐదేళ్లు, పదేళ్ల కాంట్రాక్టులుగా మార్చుకున్నాయి. ఈ పరిశ్రమ ఎదిగింది గొప్ప ఆవిష్కరణల మీద కంటే ఈ నిర్వహణ కాంట్రాక్టుల మీదే ఎక్కువ అని నా అభిప్రాయం. ఇందులో చిన్నతనమేమీ లేదు.

ఫోన్లు పోయాయి, ఫైళ్లు మిగిలాయి

సాఫ్ట్‌వేర్ వెనకే బ్యాక్ ఆఫీసు పనీ వచ్చింది. అమెరికా కంపెనీ జీఈ 1997లో గురుగ్రామ్‌లో పెట్టిన కేంద్రం తర్వాత జెన్‌ప్యాక్ట్ అయింది. 1999 టెలికాం విధానం, 2002లో అంతర్జాతీయ కాల్స్ మీద టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యం ముగియడం, డాట్ కామ్ రోజుల్లో సముద్రం అడుగున అవసరానికి మించి వేసిన కేబుళ్లు, ఈ మూడూ కలిసి ఫోన్ కాల్ ధరను నేలకు దించాయి. రాత్రిపూట క్యాబుల్లో వెళ్లి పేర్లు మార్చుకుని మాట్లాడే ఉద్యోగాలు వచ్చాయి. అయితే 2010 ప్రాంతానికి వాయిస్ కాల్స్‌లో ఫిలిప్పీన్స్ మనల్ని దాటేసింది. అక్కడి ఇంగ్లిష్ ఉచ్చారణ, నుడికారం అమెరికన్లకు దగ్గర. మన దగ్గర నిలబడి పెరిగింది మాట్లాడే పనికంటే కాగితాలు చదివి లెక్క తేల్చే పని. బీటెక్ చదవనివాళ్లు ఇంకాస్త శ్రద్ధగా చూడాల్సిన చోటు ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మెడికల్ కోడింగ్ తీసుకోండి. అమెరికాలో రోగి ఆసుపత్రికి వెళ్తే బిల్లు కట్టేది ఎక్కువగా బీమా కంపెనీ. డాక్టర్ రాసిన నోట్సు యథాతథంగా పంపితే వాళ్లు పైసా ఇవ్వరు. జబ్బుకు ఐసీడీ-10 కోడ్, చేసిన వైద్యానికి సీపీటీ కోడ్ పెట్టాలి. 2015 అక్టోబరులో అమెరికా ఐసీడీ-9 నుంచి ఐసీడీ-10కి మారినప్పుడు కోడ్ల సంఖ్య అనేక రెట్లు పెరిగింది. హైదరాబాద్‌లో, చెన్నైలో వేలాదిమంది ఈ పనిలో ఉన్నారు. బీఎస్సీ లైఫ్ సైన్సెస్, బీ ఫార్మసీ, ఫిజియోథెరపీ, నర్సింగ్ చదివినవాళ్లకు ఇది సూటిగా కలిసొచ్చే దారి. అనాటమీ తెలిసి ఉండటం ఇక్కడ పెట్టుబడి. ఏఏపీసీ సంస్థ నిర్వహించే సీపీసీ పరీక్ష పాసైతే ఆ సర్టిఫికెట్‌కు విలువ ఉంది. దాని ఫీజు తక్కువేమీ కాదు కాబట్టి ముందు ఉద్యోగంలో చేరి, ఏడాది పని చేశాక రాయడం మేలు. చాలా కంపెనీలు ఆ ఫీజులో సాయం చేస్తాయి కూడా, చేరేటప్పుడే అడగండి.

మొదటి జీతం చిన్నదే. రోజుకు ఇన్ని చార్టులు (రోగుల రికార్డులు) అని టార్గెట్ ఉంటుంది, వందలో ఇన్ని తప్పుల్లేకుండా ఉండాలన్న ఆడిటూ ఉంటుంది. ఎక్స్-రే రిపోర్టుల్లాంటి సులువైన కోడింగ్‌ను ఇప్పటికే సాఫ్ట్‌వేర్ చేసేస్తోంది. కాబట్టి అక్కడే ఐదేళ్లు కూర్చోకండి. సర్జరీ, ఇన్‌పేషెంట్ కేసుల వైపు, తర్వాత ఆడిటింగ్ వైపు, బీమా కంపెనీ తిరస్కరించిన క్లెయిముల విశ్లేషణ వైపు కదలాలి. ఆ తిరస్కరణలే ఆసుపత్రులకు అసలు తలనొప్పి. తలనొప్పి ఎక్కడుంటే వాళ్లు డబ్బు అక్కడే పెడతారు.

బీకాం వాళ్లకు ఇలాంటిదే ఫైనాన్స్ అండ్ అకౌంట్స్ ప్రాసెస్. విదేశీ కంపెనీ సరఫరాదారుల బిల్లులు చూసి చెల్లించడం, నెలాఖరున పుస్తకాలు మూయడం. టాలీ మాత్రమే నేర్చుకుని ఊరుకోకుండా ఎక్సెల్‌ను లోతుగా, శాప్‌లో ఫైనాన్స్ మాడ్యూల్‌ను పరిచయం మేరకైనా పట్టుకోండి. డెబిట్, క్రెడిట్ ఎందుకు అక్కడే పడతాయో చెప్పగలిగినవాళ్లు ఇంటర్వ్యూల్లో ఆశ్చర్యకరంగా తక్కువ.

మెకానికల్, ఏరోనాటికల్ వాళ్లు నాలుగేళ్లు చదివింది పక్కన పెట్టి జావా క్లాసులో కూర్చునే ముందు ఇంజినీరింగ్ సర్వీసుల వైపు ఒకసారి చూడండి. బీవీఆర్ మోహన్ రెడ్డి 1991లో హైదరాబాద్‌లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పెట్టి మ్యాపుల డిజిటైజేషన్‌తో మొదలుపెట్టారు. తర్వాత విమాన ఇంజిన్లు చేసే ప్రాట్ అండ్ విట్నీకి డిజైన్ పని చేసే స్థాయికి వెళ్లారు. ఇప్పుడు దాని పేరు సైయెంట్. ఈసీఈ వాళ్లకు చిప్ డిజైన్ ఉండనే ఉంది. క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్ హైదరాబాద్‌లో పెద్ద కేంద్రాలు నడుపుతున్నాయి. చిప్ డిజైన్ భాష వెరిలాగ్ తెలిసి, డిజిటల్ ఎలక్ట్రానిక్స్ మీద గట్టి పట్టున్న కుర్రాడికి ఇవాళ అందరిలాగే వెబ్‌సైట్లు చేసే కుర్రాడి కంటే పోటీ తక్కువ.

ఒక చిన్న లెక్క

సర్వీస్ కంపెనీలో మీ కుర్చీ విలువ ఎలా తేలుతుందో చూద్దాం. ఊహాలెక్కే, కానీ పద్ధతి నిజమైనది. మీ పనికి క్లయింటు గంటకు 25 డాలర్లు ఇస్తున్నాడనుకోండి. నెలకు 160 గంటలు, 4,000 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే 3,40,000 రూపాయలు. మీ ప్యాకేజీ ఏడాదికి 3.6 లక్షలైతే కంపెనీ మీ మీద పెట్టేది నెలకు 30,000. మిగతా మూడు లక్షలకు పైగా ఎక్కడికి పోయాయి?

అంతా లాభం కాదు. మీ పైన ఉన్న లీడ్, మేనేజర్, అమెరికాలో క్లయింటు దగ్గర కూర్చున్న ఆన్‌సైట్ కోఆర్డినేటర్, కాంట్రాక్టు తెచ్చిన సేల్స్ టీమ్, ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్నవాళ్ల జీతాలు, భవనం, పన్నులు అందులోంచే. ఇవన్నీ పోయాక టీసీఎస్ లాంటి కంపెనీకి వందకు పాతిక దాకా మిగులుతుంది, చాలా కంపెనీలకు ఇంకా తక్కువ. జీతం ఎక్కువున్న సీనియర్లు కొందరు, జీతం తక్కువున్న ఫ్రెషర్లు చాలామంది ఉంటేనే ఈ లెక్క నిలబడుతుంది. కంపెనీలు దీన్నే పిరమిడ్ అంటాయి. ఫ్రెషర్ల ప్యాకేజీ పదిహేనేళ్లుగా మూడు నుంచి నాలుగు లక్షల మధ్యే తిరుగుతుండటానికి మొదటి కారణం ఇది. రెండో కారణం మన చేతుల్లోనే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ సీట్లు ఎడాపెడా పెరిగాయి. బడుగు ఇళ్ల పిల్లలకు అది తలుపు తెరిచింది, దాన్ని తక్కువ చేయలేం. కానీ అంతమంది ఒకే కుర్చీ కోసం నిలబడినప్పుడు కుర్చీ ధర పెరగదు.

ఈ లెక్కలోంచి మీకు పనికొచ్చే విషయాలు కొన్ని బయటపడతాయి. బెంచ్ మీద ఉన్నవాళ్ల జీతం వేరేవాళ్ల బిల్లులోంచి వస్తోంది, కాబట్టి కంపెనీకి ఓపిక తక్కువ. టీసీఎస్ 2025 జూన్‌లో తెచ్చిన నియమం ప్రకారం ఏడాదికి కనీసం 225 రోజులు బిల్లింగ్‌లో ఉండాలి, బెంచ్ 35 రోజులు మించకూడదు. మొదటి ప్రాజెక్టు "నా డొమైన్ కాదు" అని ఆరు నెలలు వేచిచూసే కాలం పోయింది. అలాగని ఏది దొరికితే అది పట్టుకుని అక్కడే పాతుకుపోనక్కర్లేదు కూడా. సపోర్ట్ ప్రాజెక్టు వచ్చిందని ఏడ్చే ఫ్రెషర్లు ఎక్కువ. ఏడవకండి. రాత్రి రెండు గంటలకు సిస్టమ్ ఎందుకు ఆగిందో వెతికిన ఏడాది అనుభవం మీకు డెవలప్‌మెంట్ ప్రాజెక్టులో ఒక మూల స్క్రీన్ రాసిన రెండేళ్ల కంటే ఎక్కువ నేర్పుతుంది. కాకపోతే పద్దెనిమిది నెలల తర్వాత కూడా టికెట్లు మూస్తూనే ఉంటే మీరే కదలాలి.

ఒకే కంపెనీలో ఒకే బ్యాచ్‌లో వేర్వేరు జీతాలుంటాయని కూడా తెలుసుకోండి. టీసీఎస్‌లో నింజా, డిజిటల్, ప్రైమ్ అని మూడు అంచెలున్నాయి. ఇన్ఫోసిస్‌లో సిస్టమ్ ఇంజినీర్‌కూ స్పెషలిస్ట్ ప్రోగ్రామర్‌కూ జీతంలో రెట్టింపు కంటే ఎక్కువ తేడా. ఆ తేడాను నిర్ణయించేది ఎక్కువగా కోడింగ్ పరీక్ష. మూడో ఏడాది వేసవిలో రోజుకు రెండు గంటలు డేటా స్ట్రక్చర్స్, ఎస్‌క్యూఎల్ మీద పెడితే వచ్చే ప్రతిఫలం మరే సర్టిఫికెట్‌తోనూ రాదు. బీటెక్ లేనివాళ్లకూ దారులున్నాయి. బీఎస్సీ, బీసీఏ చదివినవాళ్లకు విప్రో విల్ప్ కింద ఉద్యోగం చేస్తూ ఎంటెక్ చదివే ఏర్పాటు ఉంది. ఇంటర్ పాసైనవాళ్ల కోసం హెచ్‌సీఎల్ టెక్‌బీ నడుపుతోంది. రెండిట్లోనూ ఎన్నేళ్లు ఉండాలో, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలో రాసిన పేజీ సంతకానికి ముందు చదవాలి.

క్లయింటే ఇక్కడికి వస్తే

గత పదేళ్లలో వచ్చిన పెద్ద మార్పు ఇది. డబ్బు కట్టే కంపెనీలే మధ్యలో సర్వీస్ కంపెనీ లేకుండా తమ కార్యాలయాలు ఇక్కడ పెట్టుకుంటున్నాయి. వాటిని గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు, పొట్టిగా జీసీసీలు అంటున్నారు. 2023-24 నాటికి దేశంలో 1,700కు పైగా ఉన్నాయి, వాటిలో దాదాపు 19 లక్షల మంది పనిచేస్తున్నారు. హైదరాబాద్‌లో వెల్స్ ఫార్గో, జేపీ మోర్గాన్, నోవార్టిస్ పాతకాపులు. 2025లో ఆమ్‌జెన్, ఎలీ లిల్లీ, మెక్‌డొనాల్డ్స్ తమ కేంద్రాలు తెరిచాయి.

ఇక్కడ గంటల బిల్లు ఉండదు, బెంచ్ భయం తక్కువ, జీతం మెరుగు. మరి అందరూ అక్కడికే వెళ్లొచ్చుగా? ఈ కేంద్రాలు ఎక్కువగా అనుభవం ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. ఫ్రెషర్లకు అసలు తలుపు ఇంటర్న్‌షిప్. అది కూడా కొద్ది కాలేజీల వాళ్లకే. మామూలు కాలేజీలో చదివినవాళ్లకు నిజమైన దారి సర్వీస్ కంపెనీలో మూడు నాలుగేళ్లు ఒకే రంగం క్లయింట్లతో పని చేసి, ఆ రంగం కేంద్రంలోకి మారడం. బ్యాంకు ప్రాజెక్టులో పని చేసినవాళ్లకు బ్యాంకు జీసీసీ, మందుల కంపెనీ డేటా చూసినవాళ్లకు ఫార్మా జీసీసీ. అందుకే మొదటి మూడేళ్లలో భాషలు మార్చినా ఫర్వాలేదు గానీ రంగాలు అస్తమానం మార్చకండి. రెజ్యూమెలో పది టెక్నాలజీల పేర్లు చూసి మురిసిపోయే మేనేజర్ నాకు ఇంతవరకు తగల్లేదు. "చెల్లింపు ఫెయిల్ అయితే డబ్బు ఎక్కడ ఆగుతుంది?" అంటే తడబడకుండా చెప్పినవాణ్ని వదులుకున్న మేనేజరూ తగల్లేదు.

ఇక ఏఐ. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12,000 మందిని తగ్గిస్తామని ప్రకటించింది. వాళ్లలో ఎక్కువమంది మధ్య, పై స్థాయి వాళ్లు. ఫ్రెషర్ల ప్రమాదం వేరే చోట ఉంది. పిరమిడ్ అడుగున చేసే పనులు, అంటే మామూలు టెస్ట్ కేసులు రాయడం, ఒకే మూసలో ఉండే కోడ్, పాస్‌వర్డ్ రీసెట్ లాంటి సపోర్టు, ఇవే ముందుగా యంత్రానికి పోతున్నాయి. ఆదాయం పెరిగితే ఆ నిష్పత్తిలో మనుషులూ పెరగడం అనే పాత సూత్రం సడలిపోతోంది. దీనికి విరుగుడుగా "ప్రాంప్ట్ ఇంజినీరింగ్" కోర్సుకు యాభై వేలు కట్టడం దండగ. యంత్రం రాసిన కోడ్ చదివి ఎక్కడ తప్పిందో పట్టుకోవడం నేర్చుకోండి. వేరేవాళ్లు రాసిన పెద్ద ప్రోగ్రామును ఓపెన్ సోర్స్‌లోంచి తీసుకుని అందులో ఒక చిన్న దోషం సరిచేయండి. చేసిన పనిని క్లయింటుకు ఐదు వాక్యాల్లో ఇంగ్లిష్‌లో రాసి చెప్పడం సాధన చేయండి. మన పిల్లల్లో చాలామందికి కోడ్ వస్తుంది, ఆ ఐదు వాక్యాలే రావు.

డబ్బు అడిగే ఉద్యోగాలు

ఇది చేదు విషయం కాబట్టి సూటిగా చెబుతాను. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించి ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలకు వెళ్లకండి. మూడేళ్ల అనుభవం అని రాసినచోట మూడేళ్ల పీఎఫ్ జమలు లేకపోతే మీ పీఎఫ్ నంబరు (యూఏఎన్) చూడగానే బయటపడుతుంది. ఒకసారి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే పోయేది ఆ ఉద్యోగం ఒక్కటే కాదు. బ్యాక్‌డోర్ అని రెండు మూడు లక్షలు అడిగేవాళ్ల ఆఫీసుకు ఆరు నెలల తర్వాత తాళం ఉంటుంది.

ఇంకా ఘోరమైనది థాయ్‌లాండ్, కంబోడియా, మయన్మార్‌లలో డేటా ఎంట్రీ, కస్టమర్ సపోర్ట్ అనే పేరుతో వల. అక్కడ దిగాక పాస్‌పోర్టు లాక్కుని సైబర్ మోసాలు చేయిస్తారు. విశాఖ, శ్రీకాకుళం, కరీంనగర్ వైపు నుంచి వెళ్లి చిక్కుకున్నవాళ్లున్నారు. విదేశీ ఉద్యోగమంటే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవాలి. విజిట్ వీసా మీద రమ్మంటే అక్కడితో మాట ఆపేయాలి.

అమెరికా దారి గురించి రెండు మాటలు. హెచ్-1బీ పరిమితి 2004లోనే మళ్లీ 65,000కు పడిపోయింది, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000. 2025 సెప్టెంబరులో అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. ఆన్‌సైట్ వస్తే మంచిదే, కానీ అది తప్పకుండా వస్తుందని పొలం తాకట్టు పెట్టి లోను తీసుకోవద్దు.

విశాఖ మాటా వినిపిస్తోంది. రుషికొండ ఐటీ హిల్స్‌లో టీసీఎస్‌కు 21 ఎకరాలకు పైగా భూమిని ప్రభుత్వం 99 పైసలకు ఇచ్చింది. గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది. ఇంటి దగ్గర ఉద్యోగం చేసుకోవాలనుకునేవాళ్లకు ఇది శుభవార్తే. ఒక్కటి గుర్తుంచుకోండి, డేటా సెంటర్‌లో పెట్టుబడి ఎంత పెద్దదో ఉద్యోగాలు అంత ఎక్కువ కాదు. అందులో కావాల్సింది విద్యుత్, కూలింగ్, నెట్‌వర్క్ తెలిసినవాళ్లు. ఈఈఈ, డిప్లొమా చదివినవాళ్లు దీన్ని సీరియస్‌గా తీసుకోవచ్చు.

చివరగా ఒక పని. ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి నెలల్లో పెద్ద కంపెనీల త్రైమాసిక ఫలితాలు వస్తాయి. షేర్లు కొనకపోయినా చదవండి. సిబ్బంది సంఖ్య పెరిగిందా తగ్గిందా, కొత్త కాంట్రాక్టులు ఏ రంగం నుంచి వచ్చాయి, ఉద్యోగం మానేసి వెళ్లేవాళ్ల శాతం ఎంత, ఈ మూడు చూస్తే వచ్చే ఆరు నెలల్లో నియామకాలు ఎలా ఉంటాయో ప్లేస్‌మెంట్ ఆఫీసర్ కంటే ముందే మీకు ఒక అంచనా వస్తుంది. ఆ చదివింది ఇంటర్వ్యూలో వాడండి. "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అన్నప్పుడు తల అడ్డంగా ఊపేసి వచ్చేయకండి. ఈ టీమ్ ఏ రంగం క్లయింటుకు పని చేస్తోంది, కాంట్రాక్టు గంటల లెక్కనా, మొత్తానికి ఒకే ధరా, ఫ్రెషర్‌ను ఎన్ని నెలల్లో బిల్లింగ్‌లోకి తీసుకుంటారు అని అడగండి. హెచ్ఆర్‌కు ఇవి తెలియకపోవచ్చు. టెక్నికల్ రౌండ్ చేసే మేనేజర్‌కు తెలుస్తాయి, ఆయన్నో ఆమెనో అడగండి.